గూడ్సు బండి పాఠం నాది కాదు

కొత్తగా చేరే ఇంగ్లీషు ఉపాధ్యాయులకి శిక్షణలో పంచే కాగితాల్లో ఒక పేజీ అడుగున నా పేరు ఉంటుంది. పిల్లల్ని గూడ్సు బండిలా వరుసగా నిలబెట్టి రిలేటివ్ క్లాజు చెప్పే పద్ధతి ఆ పేజీలో ఉంది. మీలో కొందరు దాన్ని వాడే ఉంటారు. బాగా పనిచేస్తుంది. కాని అది నాది కాదు. కరుణ అనే విద్యా వాలంటీరుది. ఆమె పని పోవడానికి కారణం నేను. ఈ రెండు సంగతులూ ఇదివరకు ఇద్దరు ముగ్గురికి చెప్పబోయాను. మొదటిది వినగానే "ఎంత వినయం మాస్టారూ మీకు" అన్నారు. రెండోది చెప్పనివ్వలేదు. అందుకని రాస్తున్నాను.

గొంతు పాడైపోయి, యాభై మూడేళ్ళకే స్వచ్ఛందంగా విరమణ తీసుకున్నాను. అంతకు ముందు విజయనగరం జిల్లాలో ఆరు బళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. ఎప్పుడు ఏ స్కేలు వచ్చిందో, ఎక్కడికి బదిలీ అయిందో మీకు అనవసరం. ఈ పనిలో మనిషిని పాడుచేసేవి ఏమిటో మాత్రం చెబుతాను.

బిట్లు

నేను చెప్పిన రిలేటివ్ క్లాజు ఇలా ఉండేది. నల్లబల్ల మీద మూడు వరుసలు. హూ మనుషులకి, విచ్ వస్తువులకి, దట్ రెండింటికీ. పరీక్షలో రెండు వాక్యాలిచ్చి కలపమంటారు. రెండో వాక్యంలో హీ కొట్టేసి హూ పెట్టు, ఆ ముక్కని తెచ్చి మొదటి వాక్యంలో మనిషి పక్కన పడెయ్యి, అంతే. గైడులో ముప్పై వాక్యాలుంటాయి. వాటిని బట్టీ పట్టిస్తే ముప్పై ఒకటోది పరీక్షలో రాదు. నా పిల్లలకి బిట్లలో మార్కులు బాగా వచ్చేవి. నాకు మంచి పేరుండేది.

ఒకసారి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో లక్ష్మణ అనే పాత విద్యార్థి కనిపించాడు. బిట్లు ఒక్కటి కూడా తప్పని పిల్లాడు. విశాఖలో ఒక హోటల్లో సామాన్లు మోసే పనిలో చేరాడట.

"మాస్టారూ, ఆ ముప్పై వాక్యాలూ ఇప్పుడడిగినా రాసేస్తాను" అన్నాడు. "మొన్నొక దొర నా సంచి ఏదీ అనడిగాడు. మెట్లకాడ మీరు పెట్టిన సంచి గదండీ అనాలి నాను. నోరు రాలేదు."

"ఏమన్నావు మరి?"

"బ్యాగ్, యూ, స్టెప్స్, కీప్ అన్నాను. అందరూ నవ్వీసినారు."

వాడూ నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. బస్సెక్కి కూర్చున్నాక నవ్వు రాలేదు. వాడికి ఆ వాక్యం కావలసింది పరీక్షకి కాదు. ఏ సంచో చెప్పడానికి. ఏ మనిషి, ఏ వస్తువు అని విడదీసి చూపించడానికే ఆ క్లాజు ఉన్నది. ఆ మాట నేను ఒక్క తరగతికి కూడా చెప్పలేదు.

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

తనిఖీ రోజున మన బళ్ళలో జరిగే ఒక ఏర్పాటు మీకు ఎవరో ఒక సీనియరు నేర్పుతారు. నాకూ మొదటి బడిలోనే నేర్పారు. "అర్థమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నప్పుడు పిల్లలందరూ ఎత్తాలి. వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. వచ్చిన అధికారికి గది నిండా చేతులు కనిపిస్తాయి. మనం కుడి చేతుల్లోంచి ఒకరిని లేపుతాం.

దీన్ని సరదాగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. అధికారి మోసపోతాడని మనం అనుకుంటాం కాని, ఆయనా ఒకప్పుడు పంతులే కాబట్టి సగం సార్లు ఆయనకి తెలిసే ఉంటుంది. మోసపోయేది పిల్ల. రాని విషయాన్ని వచ్చినట్టు పైకెత్తి పట్టుకోవడం ఆ పిల్లకి మనమే నేర్పిస్తాం. ఇది తప్పని నాకు ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలుసు. తెలిసే చేశాను.

ముగ్గురు పైడిరాజులు

గరివిడి వైపు ఒక ఉన్నత పాఠశాలలో నేను పనిచేస్తున్నప్పుడు రెండో ఇంగ్లీషు పోస్టు ఖాళీ పడింది. రెండు వేల పదుల మొదట్లో మాట. అలాంటి ఖాళీల్లో ఏడాదికి సరిపడా విద్యా వాలంటీర్లని పెట్టుకునేవారు. ప్రతి నెలాఖరుకీ జాబితా చూసి కొనసాగించడమో తీసెయ్యడమో. అలా వచ్చింది కరుణ. బాప్టిస్టు చర్చి వాళ్ళమ్మాయి. వాళ్ళ నాన్న కర్మాగారంలో ఖనిజం దించే కూలీ. వాళ్ళింట్లో బి.ఎడ్. చదివిన మొదటి మనిషి.

మా వైపు ఏ తరగతిలో చూసినా పైడిరాజులు ఇద్దరు ముగ్గురుంటారు. తొమ్మిదో తరగతిలో ముగ్గురు. ఒకరోజు వరండాలో నడుస్తూ కరుణ హాజరు పిలవడం విన్నాను.

"పైడిరాజు!"

మూడు గొంతులు పలికాయి.

"ఏ పైడిరాజురా?"

"నిన్న బడెగ్గొట్టిన పైడిరాజు టీచర్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఒరే, నానేటి బడెగ్గొట్టినాను? జొరమొచ్చింది!"

"జొరమొచ్చినోడు సెరువుకాడ సేపలు పడతాడేట్రా?"

గది గొల్లుమంది. కరుణ నవ్వి, "ఆగండాగండి. ఇప్పుడు మీరేటన్నారు?" అంది. "నిన్న బడెగ్గొట్టిన పైడిరాజు. బడెగ్గొట్టడం ముందొచ్చింది, మనిషి ఎనకొచ్చాడు. బయటికి రండి, సూపిస్తాను."

మా బడి వెనక రైలు కట్ట. కర్మాగారానికి వెళ్ళే గూడ్సు బళ్ళు పిల్లలు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవే. ఆమె నలుగురు పిల్లల్ని వరండాలో నిలబెట్టింది. ముందు పెట్టెలు, అంటే వర్ణన. చివర ఇంజను, అంటే పైడిరాజు. "ఇది తెలుగు బండి. ఇంజను ఎనకనుంచి తోస్తాది. ఇంగ్లీషు బండికి ఇంజను ముందుండాలి. పైడిరాజూ, ముందుకి రా."

"టీచర్, ఈడు ఇంజనైతే బండి బొబ్బిలి కూడా ఎల్దు!"

వాడు ముందుకొచ్చాడు. ఇంజనుకీ పెట్టెలకీ మధ్య ఒక పిల్లాడిని పెట్టి, ఒక చేత్తో ముందువాడి చొక్కా, ఇంకో చేత్తో వెనకవాడి చొక్కా పట్టుకోమంది. వాడు హూ. కప్లింగు. ద పైడిరాజు హూ మిస్డ్ స్కూల్ ఎస్టర్‌డే. పిల్లలు ఎవరి ముక్క వాళ్ళు అరుస్తూ వరండా చివరిదాకా నడిచారు. తర్వాత మా అన్న కొన్న సైకిలు. ఇంజను సైకిలు, పెట్టెలు మై బ్రదర్ బాట్, కప్లింగు దట్. ఆ దట్ పిల్లాడిని ఆమె పక్కకి లాగేసింది. "ఈ బండి కప్లింగు లేకపోయినా కదుల్తాది. మాట్లాడేటప్పుడు సానామంది వదిలేస్తారు. పైడిరాజు బండికి మాత్రం వదలకూడదు. పైడిరాజే గదా బడెగ్గొట్టింది. సైకిలేటీ కొనలేదు, మీ అన్న కొన్నాడు."

రమణమ్మ అనే పిల్ల చెయ్యెత్తింది. కరుణ తరగతిలో ఒక రివాజు ఉండేది. రానివాళ్ళే చెయ్యెత్తాలి. "టీచర్, మన హెడ్మాస్టారికి పెట్టెలెందుకండి? ఒక్కరే గదా?"

"ఎందుకూ అక్కర్లేదు. ఎవరో తెలీనప్పుడే ఆ పెట్టెల తోక కావాలి. ఒక్కరే ఉంటే తోక ఊరికే అదనపు మాట. అందుకే అక్కడ కామా పెట్టి వేరుగా ఉంచుతారు."

నేను కిటికీ పక్కన నిలబడి ఇదంతా విన్నాను. నా తరగతిలో ఏ పిల్లా ఎప్పుడూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. సంతోషించానని రాస్తే బాగుండును. నాకు మంట పుట్టింది.

తనిఖీ

ఆ ఏడాది చివర్లో ఉప విద్యాధికారి వస్తున్నారని కబురొచ్చింది. ఎల్లుండే. ముందు సంవత్సరం ఫలితాలు తగ్గినందుకు నాకు అప్పటికే ఒక మెమో ఉంది. రెండోది వస్తే ఏజెన్సీ కొండల వైపు బదిలీ అని అందరూ అనేవారు. మా ఆవిడ విజయనగరంలో నర్సు. రెండు కాపురాలు పెట్టడం తలుచుకుని నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తనిఖీ ముందురోజు హెడ్మాస్టారు సన్యాసిరావు గారు మా ఇద్దరినీ పిలిచారు. "మాస్టారూ, తొమ్మిదో తరగతి మీరు తీసుకోండి. ఆ రైలు పాఠం చేయించండి. మన బడిలో చూపించదగ్గది అదొక్కటే."

"నేను సెప్తానండి" అంది కరుణ. "పిల్లలు నాకు అలవాటు."

"నువ్వు వాలంటీర్వమ్మా. అసలు టీచరు ఎక్కడని ఆయన నన్నడుగుతాడు."

ఆమె నా వైపు తిరిగింది. "మీరైనా ఆయనకి సెప్పండి మాస్టారూ."

"ఒక్క గంటే గదమ్మా" అన్నాను.

"అయితే ఒక్కటండి. రాని పిల్లల్ని దాచకండి. అడిగితే అడగనివ్వండి" అంది. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్న ఆమె మైదానంలో ప్రార్థనకి చిన్న తరగతుల్ని వరుసల్లో నిలబెడుతుంటే, నేను తొమ్మిదో తరగతి తలుపు దగ్గరకి వేసి కుడి ఎడమల సంగతి నేర్పాను.

"టీచరు రానోళ్ళనే ఎత్తమంటాది గదండీ?" అంది రమణమ్మ.

"ఇవాళ అందరూ ఎత్తాలి. రాకపోతే ఎడమది."

"ఎడమదెత్తితే మీరు సెప్తారాండి?"

గంట కొట్టే వేళయింది. "ఆఁ, చెప్తాలే" అన్నాను.

అధికారి పదకొండింటికి వచ్చారు. చివరి బెంచీలో కూర్చున్నారు. హెడ్మాస్టారు ఆయన పక్కన, కరుణ గుమ్మం దగ్గర. పిల్లలు బండిని అద్భుతంగా నడిపించారు. ఆయన ముఖంలో బిగువు సడలింది. లేచి ముందుకొచ్చి, "చాలా బాగుంది. ఈ ఆలోచన ఎవరిది?" అన్నారు.

"మా మాస్టారి సొంత ఆలోచనండి" అన్నారు సన్యాసిరావు గారు.

నేను చేతులకున్న సుద్ద దులుపుకున్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా పేరు రాసుకున్నారు. గుమ్మం వైపు నేను చూడలేదు.

అక్కడ ఆపేసి ఉండవచ్చు. అలవాటు చొప్పున "అర్థమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. గది నిండా చేతులు. నేను ఎవరినీ పిలవకముందే ఆయన వేలు చూపించారు. "ఆ అమ్మాయి. ఒక వాక్యం చెప్పు."

రమణమ్మ లేచింది. చెయ్యి ఇంకా దించలేదు. "నాకు కప్లింగు ఎప్పుడు తియ్యాలో రాలేదండి. అందుకే ఎడం సెయ్యెత్తినాను. మాస్టారు సెప్తానన్నారండి."

అధికారి ఆమెని చూశారు. తర్వాత మిగిలిన చేతుల్ని చూశారు. ఎడమ చేతులు ఒక్కొక్కటీ దిగిపోయాయి.

"ఈ ఎడమ చెయ్యి ఏమిటి? ఎవరు నేర్పారు మీకిది?"

పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన కూడా నా వైపు తిరిగారు. నాకు మెమో కనిపించింది, కొండలు కనిపించాయి. "ఈ క్లాసు రోజూ చూసేది వాలంటీరు గారండి" అన్నాను.

అందులో ఒక్క అబద్ధం మాట కూడా లేదు. అంత పెద్ద అబద్ధం నేను జీవితంలో మరొకటి ఆడలేదు.

"నువ్వేనా?" అన్నారాయన గుమ్మం వైపు.

కరుణ నన్ను చూసింది. నేను మాట్లాడడానికి సరిపోయేంత సేపు చూసింది. తర్వాత, "పిల్లల్నేటీ అనకండి సార్" అంది.

"టీచర్ కాదండీ..." అని రమణమ్మ మొదలెట్టింది.

"కూర్చోవే!" అని హెడ్మాస్టారు గద్దించారు. కూర్చుంది.

నేను రాసిన కాగితం

జరిగినదానికి సంజాయిషీ రాసి పంపమన్నారు. బడిలో ఇంగ్లీషు బాగా రాసేది నేనని హెడ్మాస్టారు ఆ పని నాకే ఇచ్చారు. కూర్చుని మొదలుపెడితే మొదటి వాక్యం ఆగకుండా వచ్చేసింది. పిల్లలకి ఇలాంటి అలవాటు చేసిన వాలంటీరే రోజూ ఈ తరగతిని చూస్తారని. వాలంటీరు పక్కనే హూ, దాని వెనక మొత్తం నేరం. అధికారికి కరుణ ఎవరో తెలియదు. తెలియని మనిషికి తగిలించిన తోకతోనే ఆ మనిషి తెలుస్తుంది. ఆమెకి ఆ తోక తగిలించింది నేను.

రెండు రోజుల తర్వాత ఆమె స్టాఫ్ రూముకి వచ్చింది. ఇంకెవరూ లేరు.

"మాస్టారూ, ఆ సార్‌కి నిజం సెప్పేస్తారు గదా."

"చూస్తానమ్మా."

"సూడ్డం కాదండి. నెలాఖరుకి లిస్టు ఎల్తాది. ఆ లోపల సెప్తే ఉంటాను. లేకపోతే తీసేస్తారు. మళ్ళీ ఎక్కడా పెట్టుకోరు."

"చెప్తాను."

నెలాఖరుకి పన్నెండు రోజులుంది. ఒక శనివారం బస్సెక్కి విజయనగరం వెళ్ళాను. ఆఫీసు గేటు దాకా వెళ్ళాను. ఎదురుగా బడ్డీలో టీ తాగాను. లోపలినుంచి తెలిసిన గుమస్తా ఒకడు బయటికొచ్చి, "ఏటి మాస్టారూ, ఇలగొచ్చారు?" అన్నాడు. "ఊరికే, ఇటు పనుంటే" అన్నాను. తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాత మిగిలిన రోజులు ఒక్కొక్కటీ గడిచిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ప్రతి పొద్దునా ఆమె బడికొచ్చి నా ముఖం చూసేది. అడిగేది కాదు. మరుసటి నెల మొదటి రోజున రాలేదు.

మరో నెలకి జిల్లా సమావేశంలో ఆ పద్ధతి వివరించమని నన్ను పిలిచారు. శాలువా కప్పారు. వద్దనడానికి అప్పుడూ ఒక అవకాశం ఉంది. మైకు నా చేతిలోనే ఉంది. ఇంజను, కప్లింగు, పెట్టెలు అని చెప్పుకుంటూ పోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. బడిలో మాత్రం రమణమ్మ నా తరగతిలో మళ్ళీ చెయ్యెత్తలేదు. కుడిదీ ఎత్తలేదు, ఎడమదీ ఎత్తలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట. భయం అందరికీ ఉంటుంది. అధికారి ముందు తడబడితే మహా అయితే ఒక మెమో వస్తుంది. నిజానికి నాకు ఆ రెండో మెమో కూడా తర్వాతెప్పుడో వేరే కారణానికి వచ్చింది. ఎవరూ నన్ను కొండల మీదికి పంపలేదు. ఒక సంతకం పెట్టించుకుని వదిలేశారు. అంత చిన్నదానికి భయపడి ఇంకో మనిషి జీవితాన్ని అడ్డం పెట్టాను. ఇంకొకటి. మీ బడిలో ఏడాది పనికి వచ్చినవాళ్ళు ఉంటారు. తప్పు జరిగిన రోజున అందరి చూపూ వాళ్ళ మీదకి వెళ్ళడం చాలా సులువు. అది సులువని తెలిసుండండి.

కౌంటరు దగ్గర

విరమణ తీసుకున్నాక, అంటే ఎవరూ నన్నేమీ చెయ్యలేని స్థితికి వచ్చాక, జరిగిందంతా రాసి ఆఫీసులో ఇచ్చాను. శిక్షణ కాగితాల్లో పేరు మార్చమని ఇంకొకటి రాశాను. అది తీసుకున్నాయన, "ఎందుకు మాస్టారూ ఇప్పుడు, అన్నీ అచ్చయిపోయినాయి" అన్నాడు.

కరుణ విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రోగుల పేర్లు రాసుకునే కౌంటరులో ఉందని వాళ్ళ చర్చి పాస్టరు గారు చెప్పారు. కాపీ తీసుకుని వెళ్ళాను. లైనులో నిలబడ్డాను.

"పేరండీ?" అంది తలెత్తకుండా.

చెప్పాను. అప్పుడు చూసింది.

"మాస్టారా? గొంతు ఏటలాగైపోయింది?"

"అందుకు కాదమ్మా వచ్చింది" అని కాగితం అద్దం కింది సందులోంచి లోపలికి తోశాను. మొత్తం చదివింది. ఒక చోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ముఖంలో ఏమీ కనిపించలేదు.

"ఆఫీసులో ఇచ్చారా ఇది?"

"ఇచ్చాను. స్టాంపు వేసి తీసుకున్నారు. ఇది నీ కాపీ."

"నేను ఎవరికి సూపించాలండీ?"

"ఏదైనా బడిలో..."

"ఆ ఏడాది మూడు బళ్ళకి ఎల్లానండి. మీ మీద రిపోర్టుందట గదమ్మా అన్నారు. మూడో చోట నాన్న కూడా వచ్చాడు. బయట గేటుకాడ నిలబడిపోయాడు." కాగితం మడత మీద వేలితో గీసింది. "ఇది అప్పుడు కావాల్సిందండి నాకు. ఇప్పుడు ఈ పని బాగానే ఉన్నాది. బళ్ళోకి మళ్ళీ ఎల్లను."

"నన్ను క్షమించమని అడగడానికి..."

"ఎనకాల జనం ఉన్నారు మాస్టారూ."

కోపంగా అనలేదు. వెనక నిజంగానే జనం ఉన్నారు. ఒకామె చంటిపిల్లని భుజాన వేసుకుని నిలబడి ఉంది. కరుణ కాగితాన్ని పెట్టిన మడతలోనే మళ్ళీ పెట్టి అద్దం కిందనుంచి నాకు తోసింది.

"మీ దగ్గరుంచండి. మీకు పనికొస్తాది" అంది. తర్వాత నా భుజం మీదుగా చూసి, "రామ్మా, పాప పేరేటి?" అని అడిగింది.

నేను పక్కకి జరిగాను.